గోడ అవతలి మనిషిని పసిగట్టే రాడార్: పోలీసులు వారంట్ లేకుండా వాడొచ్చా?

నిశిత:
అమెరికాలో 2014 డిసెంబరులో డెన్సన్ కేసు తీర్పు వచ్చింది. పెరోల్ షరతులు తప్పిన వ్యక్తి కోసం వెళ్ళిన పోలీసులు, ఇంట్లోకి అడుగుపెట్టకముందే చేతిలో పట్టుకునే రాడార్‌తో లోపల మనిషి ఉన్నాడని తెలుసుకున్నారు. అరెస్టు వారంట్ ఉంది, సోదా వారంట్ లేదు. అతను లోపలే ఉన్నాడని నమ్మడానికి మిగతా ఆధారాలు చాలని కోర్టు పోలీసుల పక్షానే నిలిచింది. కానీ ఇలాంటి పరికరాన్ని వారంట్ లేకుండా వాడటం తీవ్రమైన ప్రశ్నలు లేపుతుందని హెచ్చరించింది కూడా. తలుపు తెరవడానికి ఉన్న నియమమే గోడలోంచి చూడటానికీ ఉండాలని నా వాదన.

తరంగం:
రాడార్ సిగ్నల్ ప్రాసెసింగ్ నా పని. ఆ చేతిరాడార్ బొమ్మేమీ చూపించదండీ. కదలిక ఉందా, ఎంత దూరంలో ఉంది, అంతే. బొమ్మ రావడం కష్టం. స్పష్టమైన బొమ్మకు ఫ్రీక్వెన్సీ పెంచాలి, పెంచితే గోడే సిగ్నల్‌ని మింగేస్తుంది, అదీ పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఇంకోసారి. గోడ నిండా రేకు ఉంటే అసలు పనే చెయ్యదు.

మరి మనిషి ఎలా దొరుకుతాడంటే, కదలకుండా కూర్చున్నా ఊపిరికి ఛాతీ కొన్ని మిల్లీమీటర్లు లేచి దిగుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు. ఛాతీ 5 మిల్లీమీటర్లు కదిలితే తరంగం నడిచే దారి రానూపోనూ 1 సెంటీమీటరు మారుతుంది, అంటే ఫేజ్‌లో (తరంగం తన ఎత్తుపల్లాల్లో ఎక్కడుందో చెప్పే కొలతలో) దాదాపు 29 డిగ్రీల తేడా. గోడ, బీరువా, మంచం నుంచి తిరిగొచ్చే సిగ్నల్ మారదు కాబట్టి దాన్ని తీసేస్తే మిగిలేది ఆ ఊపిరే. ఫ్యాన్ తిరుగుతుంటే మాత్రం తలనొప్పి.

సహాయక్:
2015 నేపాల్ భూకంపాన్ని మరిచిపోకండి. చౌతారాలో శిథిలాల కింద ఉన్న నలుగుర్ని నాసా వాళ్ళ ఫైండర్ రాడార్ గుండె చప్పుడు బట్టే కనిపెట్టింది. నిబంధనల పేరుతో ఈ పరికరాన్ని మూలన పడేస్తే ప్రాణాలు పోతాయి.

నిశిత:
సహాయక్ గారూ, శిథిలాల కింద ఉన్నవాళ్ళు తమను ఎవరైనా చూడాలనే ఎదురుచూస్తారు. పడకగదిలో ఉన్నవాళ్ళు అలా కాదు కదా. అమెరికాలో 2002 నుంచి ఉన్న రూలు ఈ రాడార్లను పోలీసు, అగ్నిమాపక సిబ్బందికీ, ఆపదలో ప్రాణాలు కాపాడే సిబ్బందికీ మాత్రమే పరిమితం చేసింది. ఎవరు వాడాలో చెప్పింది సరే, పోలీసులు ఎప్పుడు వాడాలో? 2001లో కైలో కేసులో థర్మల్ కెమెరా గోడ బయటి వేడిని మాత్రమే కొలిచింది. అదీ వారంట్ కావాల్సిన సోదాయేనని సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది. గోడలోంచి చూసే రాడార్లు తయారవుతున్న సంగతి ఆ తీర్పు ఫుట్‌నోట్‌లోనే ఉంది.

తరంగం:
ఒక్కటి ఒప్పుకుంటాను. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో రేడియో తరంగాలతో గోడ అవతలి మనిషి కాళ్ళూ చేతులూ గీతల బొమ్మగా చూపించారు. కాబట్టి "కదలిక ఒక్కటే" అన్న నా మాట ఎల్లకాలం నిలవదు. అయినా లోపల ఎవరో బందీగా ఉన్నప్పుడు వారంట్ వచ్చేదాకా ఆగమనలేం. అలాంటప్పుడు వాడనివ్వండి, కానీ వాడిన ప్రతిసారీ టైమూ రీడింగూ రికార్డై కోర్టుకు చేరాలి. స్విచ్ నొక్కగానే లాగ్ పడేలా చెయ్యడం సాఫ్ట్‌వేర్‌లో పెద్ద పనేం కాదు.