నల్ల ముత్యాల రంగు సహజమో, అద్దకమో ఎలా తెలుసుకోవాలి?

అమ్మ షష్టిపూర్తికి హైదరాబాద్ పత్తర్‌గట్టీలో నల్ల ముత్యాల దండ ఒకటి కొన్నాను. పసిఫిక్ సముద్రంలోని తహితీ ప్రాంతపు ముత్యాలని చెప్పారు. ముత్యాన్ని పెంచేటప్పుడు చిప్ప లోపల నల్లటి పూస పెడతారు కాబట్టే ఆ రంగు వస్తుందని దుకాణదారు అన్నారు. అప్పటి నుంచి నాకు మనసు కుదుటపడలేదు.

నేను చదివినంతలో లోపల పెట్టేది మంచినీటి ఆల్చిప్ప నుంచి చెక్కిన తెల్లని పూస. రంగు వచ్చేది పింక్టాడా మార్గరిటిఫెరా అనే నల్ల అంచు ముత్యపుచిప్ప నుంచి. పూసతోపాటు అమర్చే మరో చిప్ప కణజాలపు ముక్క పొరలు పొరలుగా స్రవించే పదార్థంలోనే ఆ వర్ణకాలు ఉంటాయట. అందుకే అవి కాటుక నలుపులో ఉండవు, నెమలికంఠం ఛాయ, వంకాయ ఛాయ, బూడిదరంగు తొంగిచూస్తాయి.

నా దండలో ముత్యాలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే నలుపు. రెండింటికి రంధ్రం చుట్టూ రంగు ముద్దగా చేరినట్టుంది. మంచినీటి ముత్యాలకు సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణంతో నలుపు ఎక్కిస్తారని తెలిసి భయం పట్టుకుంది.

ముత్యానికి గీత పడకుండా దీన్ని తేల్చే పరీక్ష ఏది? రత్నపరీక్షశాలకు దండ విప్పకుండానే ఇవ్వవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. అమ్మకు అబద్ధం తొడగలేను.