నాన్నగారి రిపోర్టులో ‘ప్రోటీన్ లేదు’ అని ఉంది. గుడ్లు, పప్పు పెంచాలా?

ప్రశ్న: నాన్నగారికి 71 ఏళ్లు. పెద్దపేగు కుడివైపు గడ్డ తీశారు, రెండో దశ క్యాన్సర్ అన్నారు. గడ్డ ముక్కకు చేసిన పరీక్షలో ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 ప్రోటీన్లు కనిపించలేదు. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 ఉన్నాయి. ప్రోటీన్ తగ్గిందనుకుని అమ్మ పూటపూటా గుడ్లు, పప్పు పెడుతోంది. ఇది వంశంలో వచ్చేదా? నాకు 40, తమ్ముడికి 36.

జవాబు: గుడ్లు మానిపించకండి, ఆపరేషన్ అయిన ఒంటికి మంచివే. కానీ రిపోర్టులో లేవన్నవి తింటే వచ్చేవి కావండి. కణం తన జన్యువులను బట్టి తానే తయారుచేసుకునేవి. కణం రెండయ్యేటప్పుడు డీఎన్‌ఏ నకలులో దొర్లే అచ్చుతప్పులను దిద్దడం వీటి పని. ఎంఎల్‌హెచ్1 తోడు లేకుండా పీఎంఎస్2 నిలవలేదు. రెండు పేర్లు చూసి రెట్టింపు బెంగ వద్దు, మూలం సాధారణంగా ఒక్కటే. దిద్దుబాటు ఆగిన కణంలో తప్పులు పోగుపడి, పెరుగుదలకు పగ్గం వేసే టీజీఎఫ్‌బీఆర్2 వంటి జన్యువులూ చెడతాయి. గడ్డ ముదిరేది అలాగే.

ఈ వయసులో ఈ జంట పోయిందంటే చాలావరకు పుట్టుకతో వచ్చిన లోపం కాదు. గడ్డలోని కణాల్లోనే ఎంఎల్‌హెచ్1 జన్యువుకు మిథైల్ అనే చిన్న రసాయన గుంపు అంటుకుని అది మూగబోతుంది. అదే ముక్కకు బ్రాఫ్ వి600ఇ (బ్రాఫ్ అనే జన్యువులో వచ్చే ఒక మార్పు) పరీక్ష అడగండి. ఆ మార్పు కనిపిస్తే లించ్ సిండ్రోమ్, అంటే ఈ దిద్దుబాటు లోపం వంశంలో వచ్చే జబ్బు, దాదాపు లేనట్టే. కనిపించకపోతే మిథైలేషన్ పరీక్ష, అదీ లేదంటే రక్తంతో జన్యు పరీక్ష. లించ్ అని తేలితే మీ ఇద్దరిలో ఒక్కొక్కరికీ సగం అవకాశం ఉంటుంది. తేలకపోయినా, తండ్రికి వచ్చింది కాబట్టి మీ కొలనోస్కోపీ గురించి డాక్టరును ఇప్పుడే అడగండి.

ఇంకొకటి. రెండో దశలో ఈ రకం గడ్డలు తిరగబెట్టడం తక్కువ. ఫ్లోరోయురాసిల్ అనే కీమో మందు ఒక్కటే ఇస్తే పెద్దగా లాభం కనిపించలేదు. కీమో మాట వస్తే ముందు ఈ కాగితం చూపించండి.

మరొకరు: మా పిన్ని రిపోర్టులో ఆ నాలుగూ ఉన్నాయి, కానీ ‘పీ53 ఎక్కువ’ అట. క్యాన్సర్‌ను అణచేదే కదా, ఎక్కువుంటే మంచిది కాదా?

జవాబు: కాదండీ. మంచి పీ53ని కణం ఎప్పటికప్పుడు విరిచేస్తుంది, అందుకే పరీక్షలో ముక్కకు వేసే రంగు లేతగా, అక్కడక్కడా పడుతుంది. చెడిపోయినది విరగక పేరుకుపోతుంది. కేంద్రకాలన్నీ ముదురు గోధుమరంగులో కనిపిస్తాయి. పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువమందిలో నడిచే దారి ఇదే: మొదట ఏపీసీ అనే జన్యువు పోయి పాలిప్ (పేగు లోపలి చిన్న బుడిపె) మొలుస్తుంది, చాలా ఏళ్ల తర్వాత, అది క్యాన్సర్‌గా మారే వేళకు పీ53 పోతుంది. మందు ఎంపికకు మాత్రం పీ53 కన్నా కేరాస్, ఎన్‌రాస్ అనే జన్యువుల పరీక్షలు ముఖ్యం. పిన్నిగారిది వేరే అవయవాలకు పాకి ఉంటే ఆ పరీక్షలు చేశారో లేదో చూడండి.