ద్వంద్వ యుద్ధంలో చంపిన మేజర్‌కు క్షమాభిక్ష ఎందుకు దొరకలేదు?

ప్రశ్న: 1807లో ఐర్లండ్‌లోని న్యూరీలో మేజర్ అలెగ్జాండర్ క్యాంప్‌బెల్, కెప్టెన్ బాయిడ్‌ను పిస్తోలు ద్వంద్వంలో చంపాడు. దయ చూపమని జ్యూరీయే సిఫారసు చేసినా 1808లో ఆర్మాలో ఉరి తీశారు. అప్పీలుకు దారే లేదా?

జవాబు: పైకోర్టు అప్పీలు అప్పట్లో లేదండీ. ఇంగ్లండ్‌లో సైతం క్రిమినల్ అప్పీలు కోర్టు 1907 చట్టంతోనే వచ్చింది. మిగిలింది రాజు క్షమాధికారం. అర్జీ వస్తే విచారణ జడ్జి అభిప్రాయానికి చాలా బరువుండేది. క్యాంప్‌బెల్ భార్య విండ్సర్ దాకా వెళ్లి మూడో జార్జికే అర్జీ పెట్టుకుంది.

ఇంకో జవాబు: అసలు దెబ్బ సాక్ష్యంలో ఉంది. డ్రిల్లులో ఆజ్ఞ ఎలా ఇవ్వాలన్న వాదన మెస్సులో మొదలైంది. మేజర్ ఇంటికెళ్లి, టీ తాగి, తిరిగొచ్చాడు. కోపం చల్లారే వ్యవధి దొరికాక చంపితే అది హత్యే. ఆవేశంలో చేసిన నరహత్య కింద రాదు. పైగా పక్కన సెకండ్లు, అంటే ఇరువైపులా తోడుగా నిలిచే మనుషులు, లేకుండా గదిలోనే కాల్చుకున్నారు. తనను తొందరపెట్టాడని బాయిడ్ కొనఊపిరితో అన్న మాట అర్జీని ముంచింది.

ప్రశ్న అడిగినవారు: మరి మిగతా ద్వంద్వాలవాళ్లు బతికిపోయారుగా?

జవాబు: చట్టం వాళ్లకూ అదేనండీ. సెకండ్లు, దూరం, వేళ పద్ధతిగా ఉంటే జ్యూరీలే వదిలేసేవి, క్షమాభిక్ష దాకా వెళ్లేదే కాదు.