14 అంతస్తుల భవనంలో మంచం దిగలేని పెద్దవాళ్లను మంటలప్పుడు కిందికి ఎలా దించాలి?

పదో_అంతస్తు:
మా భవనానికి రెండు మెట్ల దారులున్నాయి. 70 దాటినవాళ్లు 19 మంది. వాళ్లలో ఇద్దరు మంచానికే పరిమితం, ఒకరు బ్యాటరీ వీల్‌చెయిర్‌లో తిరుగుతారు. మిగతావాళ్లలో చాలామందికి మోకాళ్ల నొప్పులు. కమిటీ ఒక ఎవాక్యుయేషన్ చెయిర్ (నడవలేనివాళ్లను కూర్చోబెట్టి మెట్ల మీదుగా దించే కుర్చీ) కొని గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో పెడదామంటోంది. జనరేటర్ ఉంది కదా, లిఫ్ట్ వాడొచ్చని కొందరి వాదన. ఇది సరిపోతుందా?

మెట్ల_శిక్షకుడు:
ముందు లిఫ్ట్ సంగతి. జనరేటర్ ఉన్నా మామూలు లిఫ్ట్ ఎక్కకూడదు. లిఫ్ట్ షాఫ్ట్ పొగగొట్టంలా పనిచేసి కింది పొగను పైకి లాగుతుంది. మంటలున్న అంతస్తులోనే లిఫ్ట్ ఆగి తలుపు తెరుచుకోవచ్చు. మంటలార్పే నీళ్లు షాఫ్ట్‌లోకి దిగితే మధ్యలోనే నిలిచిపోవచ్చు. ఫైర్‌మన్ లిఫ్ట్ ఉన్నా దాన్ని నడపాల్సింది అగ్నిమాపక సిబ్బందే.

కుర్చీని గేటు దగ్గర పెడితే, జనం దిగుతున్న మెట్ల మీద ఎవరో దాన్ని పైకి మోసుకెళ్లాలి. అవసరమున్న మనిషి ఏ అంతస్తులో ఉంటే ఆ అంతస్తు మెట్ల దగ్గరే గోడకు తగిలించండి, దారికి అడ్డు రాకుండా. ఒకరిని దించాక మళ్లీ 10 అంతస్తులు పైకి తెచ్చి ఇంకొకరిని దించుదామన్న లెక్క పనికిరాదు. మీకు నడవలేనివాళ్లు ముగ్గురున్నారు కాబట్టి ముగ్గురికీ విడివిడిగా సాధనం ఉండాలి.

ఈ కుర్చీ వెనక రబ్బరు బెల్టులుంటాయి. అవి మెట్ల అంచులను పట్టుకుని రాపిడితో వేగాన్ని అదుపు చేస్తాయి. వెనక ఒకరు పట్టుకుంటే చాలు, కానీ శిక్షణ ఉండాలి. ముందు ఇంకొకరు దారి చూపుతూ దిగడం మేలు. ప్రమాదం ఎక్కడ వస్తుందంటే, భయంతో హ్యాండిల్ పైకెత్తేస్తారు. బెల్టు మెట్లను వదిలేస్తుంది, బరువంతా చేతుల మీద పడుతుంది. బెల్టు ఎప్పుడూ కనీసం రెండు మెట్ల అంచులకు ఆనుకునే ఉండాలి. ఛాతీ, కాళ్ల పట్టీలు బిగించకుండా మొదటి మెట్టు దిగొద్దు.

కొనేముందు మీ మెట్ల మీదే దించి చూపించమనండి. ల్యాండింగ్‌లో (మెట్ల మలుపు దగ్గరి చదును చోట) కుర్చీ తిరుగుతుందా, లేబుల్ మీద రాసిన బరువు పరిమితి ఎంత, ఈ రెండూ ముఖ్యం. త్రికోణపు మెట్లున్న గుండ్రటి మెట్ల దారికి ఈ రకం కుర్చీ పనికిరాదు.

రాత్రి_నర్స్:
అసలు ఆలస్యం మెట్ల మీద కాదండీ, మంచం నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు. కూర్చోలేని ఇద్దరికీ కుర్చీ వద్దు, పరుపు కింద ఎవాక్యుయేషన్ షీట్ ముందే పరిచి ఉంచండి. పట్టీలు లాగి బిగిస్తే పరుపుతో సహా మనిషిని ఈడ్చుకెళ్లొచ్చు. మెట్ల మీద పాదాలు ముందు, తల వెనక. తల దగ్గరున్నవాళ్లే బ్రేకు, వాళ్లు బలమైనవాళ్లై ఉండాలి. మూత్రపు సంచి ఉంటే లాక్కుపోకుండా, పొత్తికడుపు కంటే కిందుగా ఉండేలా కట్టండి.

ఆక్సిజన్ వాడేవాళ్లుంటే కదిలే ముందు యంత్రం ఆపేయాలి. ఆక్సిజన్ పీల్చిన దుప్పట్లు, బట్టలు చాలా వేగంగా అంటుకుంటాయి. రాత్రి వినికిడి యంత్రం తీసేసే పెద్దవాళ్లకు అలారం వినపడదు. దిండు కింద అదిరే ప్యాడ్, గదిలో మెరిసే లైటు ఉన్న అలారం పెట్టించండి. మతిమరుపు ఉన్నవాళ్లు బయటికి రానని మొండికేస్తారు. వాళ్లకు తెలిసిన మనిషే చెయ్యి పట్టుకుని, ఒకసారి ఒకే మాట చెప్పాలి: "లేవండి." లేచాక, "నాతో రండి."

పదో_అంతస్తు:
చాలా ఉపయోగపడింది. బ్యాటరీ వీల్‌చెయిర్‌ని ఏం చేయాలి?

మెట్ల_శిక్షకుడు:
వదిలేయాలి. బ్యాటరీతో కలిపి దాని బరువు 100 కిలోలు దాటొచ్చు, మెట్ల మీద మోయలేరు. ల్యాండింగ్‌లో మాత్రం వదలొద్దు, అందరికీ అడ్డమవుతుంది.

ఫైర్_డోర్:
అందరినీ ఒకేసారి దించాలని పట్టుబట్టడం నాకు సరిగ్గా అనిపించడం లేదు. మంటలు తన ఫ్లాట్‌లోనే ఉంటే వెంటనే బయటికి రావాలి, వస్తూ తలుపు మూసేయాలి. మంటలు వేరేచోట ఉండి, కారిడార్ పొగతో నిండితే, నడవలేని మనిషిని అందులోంచి ఈడ్చుకెళ్లడం కంటే తలుపు మూసి లోపలే ఉంచడం మేలు. తలుపు కింద సందులో తడి తువ్వాలు కుక్కి, ఫోన్‌లో అగ్నిమాపక కేంద్రానికి అంతస్తు, ఫ్లాట్ నంబరు చెప్పి, కిటికీ దగ్గర ఉండాలి. బయటి నుంచి పొగ వస్తుంటే కిటికీ మూసేయాలి. డాబా మీదికి మాత్రం వెళ్లొద్దు. పొగ కూడా పైకే పోతుంది, పైగా డాబా తలుపుకు తాళం ఉండొచ్చు.

ఇదంతా మెట్ల దగ్గరి ఫైర్ డోర్ (పొగ, మంటల్ని ఆపే తలుపు) దానంతటదే మూసుకుంటేనే సాగుతుంది. గాలి కోసం దానికి ఇటుక అడ్డం పెడితే మెట్ల దారి మొత్తం పొగతో నిండుతుంది. చెప్పుల స్టాండ్లు, సైకిళ్లు, మొక్కల కుండీలు తీయించండి. కారిడార్‌లో బ్యాటరీ బండ్లు చార్జింగ్ పెట్టనివ్వకండి.

నడవలేని ఒక్కొక్కరికీ ఇద్దరు సహాయకుల్ని పేర్లతో రాయండి. ఇద్దరూ పగలు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లైతే ఆ జాబితా పగటిపూట ఖాళీ కాగితమే. ఒకరు పగలు ఇంట్లో ఉండేవాళ్లు కావాలి. ఫ్లాట్ నంబరు, ఎలాంటి సాయం కావాలో రాసిన ప్రతిని ఫైర్ ప్యానెల్ (ఫైర్ అలారం నియంత్రణ పెట్టె) పక్కన ఉంచి నెలనెలా సరిచూడండి. డ్రిల్‌లో పెద్దవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టొద్దు. మొదట ఖాళీ కుర్చీతో, తర్వాత ఆరోగ్యంగా ఉన్న వాలంటీరుతో పై అంతస్తు నుంచి దించి, మంచం దగ్గర మొదలుపెట్టిన క్షణం నుంచి గేటు దాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి.