‘పెయ్యి పులిసింది’ అంటే నిజంగా పులుస్తుందా?

హనుమకొండ నుంచి, జీవశాస్త్రం టీచర్:
పదో తరగతికి అవాయు శ్వాసక్రియ (ఆక్సిజన్ లేకుండా జరిగే శ్వాసక్రియ) చెప్తూ బోర్డు మీద ‘కిణ్వనం’ అని రాశాను. పాలు తోడేస్తే పెరుగవడం లాంటిదే అన్నాను. ఒకమ్మాయి లేచి, “అంటే పులుసుడే కద మేడం? నాట్లేసి వచ్చినంక మా అమ్మ పెయ్యంత పులిసింది అంటది, అది గూడ ఇదేనా?” అని అడిగింది. (పెయ్యి పులవడమంటే ఒళ్లు నొప్పులు.) ఇంత మంచి ప్రశ్న ఈ మధ్య వినలేదు. కిణ్వనం బదులు పులియడం అని రాయొచ్చా?

జనగామ నుంచి:
రాయొచ్చు మేడం. మా నాయన తాళ్లెక్కేటోడు. పొద్దుగాల దించిన కల్లు తియ్యగుంటది. పొద్దెక్కినకొద్ది లొట్టిల నురుగు కడ్తది, తెల్లారి నోట్ల పెట్టరాదు. నురుగు కట్టినా పులిసిందే అంటం, పుల్లగైనా పులిసిందే అంటం.

కరీంనగర్ నుంచి:
అమ్మా, సంస్కృతంలో కిణ్వమంటే మద్యం పులియడానికి వేసేది, మన తోడు లాంటిదే. ఇంగ్లీషు ఫెర్మెంటేషన్‌కు మూలమైన లాటిన్ మాటలో ‘మరగడం’ ఉంది. వాళ్లు పొంగు చూశారు, మనం రుచి చూశాం. మన పాత సైన్సు పుస్తకాలు కార్బన్ డయాక్సైడును బొగ్గుపులుసు గాలి అన్నాయి. పులుసు అంటే ఆమ్లమనే కదా.

హనుమకొండ టీచర్:
అన్నా, మీ లొట్టిలో జరిగేవి రెండు వేర్వేరు పనులు. నురుగు ఈస్టుది, అది కిణ్వనం. తెల్లారి వచ్చే ఘాటు పులుపులో పెద్ద వాటా ఎసిటిక్ ఆమ్లానిది. బాక్టీరియా గాలిలోని ఆక్సిజన్‌తో ఆల్కహాలును అట్లా మారుస్తుంది. గాలితో జరిగే పనిని కిణ్వనమనలేం. అందుకే పాఠంలో ఆ మాట ఉండాల్సిందే.

ఇక కండ సంగతి. ఒక గ్లూకోజు విరిగితే రెండు పైరువేట్లు (గ్లూకోజు సగం ముక్కలు), నికరంగా 2 ఏటీపీలు (కణం ఖర్చుపెట్టే శక్తి నాణేలు) వస్తాయి. ఆక్సిజన్ అందితే మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారయ్యే చోటు) పనితో కలిపి 30, 32 దాకా పోతుంది. గ్లూకోజు నుంచి హైడ్రోజన్‌ను మోసేది ఎన్ఏడీ అనే అణువు. ఆ బరువు ఎక్కడో దించకపోతే పని ఆగిపోతుంది. గట్టిగా ఉరికినప్పుడు కండ దాన్ని పైరువేట్ మీద దించుతుంది, లాక్టేట్ (పెరుగు పులుపులో ఉండేదే) అవుతుంది. ఈస్టు పైరువేట్ నుంచి ముందు బొగ్గుపులుసు గాలి వదిలి, మిగిలిన ఎసిటాల్డిహైడ్ మీద దించుతుంది, ఆల్కహాలవుతుంది. దించే చోటే వేరు. (ఈ ఏటీపీని 1929లో కండలోంచి వేరు చేసిన వాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారూ ఉన్నారు. పిల్లలకు ఇది తప్పక చెప్తాను.)

కానీ నాట్లు రోజంతా నిదానంగా సాగే పని, ఊపిరి అందుతూనే ఉంటుంది. పేరుకున్న లాక్టేట్ కూడా గంట, గంటన్నరలో తగ్గిపోతుంది, కొంత కాలేయంలో మళ్లీ గ్లూకోజవుతుంది. మర్నాటి నొప్పి అలవాటు లేని పనికి కండ పోగులు సన్నగా చిట్లడం వల్ల. వాళ్లమ్మ మాట నొప్పికి పెట్టిన పేరు, రసాయనానికి కాదు. ఆ అమ్మాయికి రేపు ఇదే చెప్తాను.

జనగామ నుంచి:
సమజైంది మేడం. మరి ఒక్క నురుగు కట్టుడుకే వేరే మాట, మీ దిక్కు ఎవలన్న అనంగ ఇన్నరా?