టెట్ పండక్కి ఎదురింటివాళ్ళు పిలిచారు: గింజల పళ్ళెంలో ఏవి తినొచ్చు, మేం ఏం పట్టుకెళ్ళాలి?

గోదావరి అమ్మాయి:

అందరికీ నమస్కారం. మేం హో చి మిన్ సిటీలో ఫూ మీ హుంగ్ వైపు ఉంటున్నాం. వియత్నాం వాళ్ళ కొత్త సంవత్సరం, టెట్, ఈసారి 2026 ఫిబ్రవరి 17న వస్తోంది. మన శివరాత్రి అయిన రెండు రోజులకే. ఎదురు ఫ్లాట్ వాళ్ళు మూడో రోజు మధ్యాహ్నం టీకి రమ్మన్నారు. మా బాబుకి జ్వరం వస్తే గంజి కాచి తెచ్చి ఇచ్చిన మనుషులు వాళ్ళు. వెళ్ళి తీరాలి, వెళ్ళాక మొహమాటంగా కూర్చోకూడదని నా కోరిక.

నా టెన్షన్ అంతా మా అత్తగారి గురించి. రాజమండ్రి నుంచి వచ్చి మాతోనే ఉన్నారు. శుద్ధ శాకాహారి. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. పైవరస కట్టుడు పళ్ళు. పోయినేడు మేం చూసినప్పుడు ఆ ఇంట్లో టీపాయ్ మీద ఓ గుండ్రటి పెట్టె ఉంది, మన పోపుల డబ్బాలాగా గదులు గదులుగా. అందులో ఎర్రటి పుచ్చగింజలు, గుమ్మడి గింజలు, తొక్కతో ఉన్న జీడిపప్పు, పంచదార పట్టించిన అల్లం, కొబ్బరి, తెల్లటి ఉండల్లాంటివి ఏవో ఉన్నాయి. వీటిలో అత్తయ్యగారు ఏవి తినొచ్చు? మూడేళ్ళ మా బాబుకి ఏవి పెట్టొచ్చు? బహుమతిగా గింజల పెట్టె తీసుకెళ్తే బాగుంటుందా? ఆ ఎర్ర రంగు మంచిదేనా?

పలాస కుర్రాడు:

అక్కా, ఇది నాకు బాగా ఇష్టమైన విషయం, కాస్త పొడుగ్గా రాస్తాను. మాది శ్రీకాకుళం జిల్లా పలాస. ఇంటిల్లిపాదీ జీడిపప్పు పనిలోనే పెరిగాం. ఇప్పుడు బిన్ ఫుఓక్‌లో పప్పు నాణ్యత చూసే ఉద్యోగం నాది. ఆ రాష్ట్రాన్ని 2025 జులైలో డాంగ్ నాయ్‌లో కలిపేశారు గానీ జీడి వ్యాపారంలో అందరి నోటా ఇంకా పాత పేరే. జీడిపప్పు ఎగుమతిలో ప్రపంచంలో వియత్నాందే మొదటి స్థానం. కాయలు చాలావరకు ఆఫ్రికా నుంచి, పక్కనున్న కంబోడియా నుంచి వస్తాయి. పని జరిగేది మాత్రం ఇక్కడే.

ముందు ఆ పెట్టె సంగతి. టెట్ రోజుల్లో ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ టీ పోసి, మూత తీసి ముందుకు జరుపుతారు. కడుపు నింపడానికి పెట్టేది కాదది. గింజ ఒలుస్తూ మాట్లాడుకోవడానికి. అందుకే తొక్క ఉన్న గింజలకే అక్కడ మర్యాద ఎక్కువ. ఆరోగ్యం లెక్కన చూసినా నా ఓటు వాటికే. పుచ్చగింజ ఒలవడం తెలిసినవాళ్ళు కూడా అరగంటలో గుప్పెడు పప్పు తినలేరు. అదే ఒలిచిన జీడిపప్పయితే రెండు మాటలు మాట్లాడేలోగా గుప్పెడు లోపలికి పోతుంది.

మా ఫ్యాక్టరీ యజమాని వాళ్ళమ్మగారు ఒలుస్తుంటే చూడాలి. గింజను మొన పైకి వచ్చేలా నిలబెట్టి, ముందు పళ్ళ మధ్య అంచు మీద ఒక్కసారి నొక్కుతారు. టిక్ మంటుంది. రెండో నొక్కుకి చిప్పలు విచ్చుకుంటాయి. నాలుక కొసతో పప్పు లోపలికి లాగేసి, చిప్పలు ఒక్క ముక్క విరక్కుండా అరచేతిలో పెడతారు. మాట మాత్రం ఆగదు. అడ్డంగా కొరికితే గింజ నలిగి చిప్పా పప్పూ కలిసిపోతాయి, ఇక ఉమ్మెయ్యడమే. మీ అత్తగారికి కట్టుడు పళ్ళు కాబట్టి ఈ పని వద్దే వద్దు. పళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళకి కూడా ఏళ్ళ తరబడి చేస్తే ముందు పళ్ళ అంచులు అరుగుతాయి.

ఎర్ర రంగు గురించి. పుచ్చగింజ సహజంగా నలుపో ముదురు గోధుమో ఉంటుంది. పండగ కదా, శుభం అని ఎరుపు వేస్తారు. తింటుంటే వేళ్ళకీ పెదాలకీ అంటుతుంది, పిల్లలకి అదో సరదా. భయపడాల్సింది రోడమైన్ బి అనే పారిశ్రామిక రంగుతో. ఇక్కడి అధికారులు టెట్ ముందు తనిఖీల్లో ఆ రంగున్న గింజలు పట్టుకున్న వార్తలు చాలాసార్లు వచ్చాయి. తడి వేలితో రుద్ది కనిపెట్టొచ్చని కొందరంటారు. అనుమతి ఉన్న రంగు కూడా వేలికి అంటుతుంది కాబట్టి ఆ పరీక్షతో తేలేదేమీ లేదు. తయారీదారు పేరు, తేదీ, ఏ రంగు వేశారో రాసి ఉన్న ప్యాకెట్ కొనండి. రంగు వెయ్యని నల్ల గింజలు కూడా దొరుకుతాయి, నేను అవే కొంటాను. గోనె సంచిలో పోసి అమ్మే మెరిసే ఎరుపు జోలికి పోవద్దు.

ఇక జీడిపప్పు. తొక్కతో ఉప్పు వేసి వేయించినది ఇక్కడి ప్రత్యేకం. ఆ పల్చటి పొర వగరుగా ఉంటుంది, వేళ్ళతో నలిపితే ఊడిపోతుంది. మీ అత్తగారికి లెక్క కావాలంటే మా వ్యాపారం భాషలో చెప్తాను. డబ్ల్యు 320 అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 పప్పులు తూగే రకం. ఒక్కో పప్పు దాదాపు గ్రామున్నర. కాబట్టి 28 గ్రాములకి ఇరవై పప్పులు వస్తాయి. పెద్దది డబ్ల్యు 180 అయితే పదకొండుతోనే అంతే బరువు. ఆ 28 గ్రాముల్లో దాదాపు 160 కేలరీలు, 5 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. షోకుగా పెట్టే పెట్టెల్లో పెద్ద రకమే ఉంటుంది. అందుకే చిన్నపప్పు లెక్కన ఎక్కువ తినేస్తారు.

మీరు చూసిన తెల్లటి ఉండలు తామర గింజలై ఉంటాయి, పంచదార పాకంలో వేసి ఆరబెట్టినవి. హ్వే నగరం తామర గింజలకి పేరు. ఆ పంచదారవి మీ అత్తగారికి వద్దు. అల్లం, కొబ్బరి కూడా అంతే, నిండా పంచదార.

పోషణ:

నేను హైదరాబాద్‌లో డైటీషియన్‌ని. పలాస తమ్ముడు చెప్పినదానికి నాలుగు మాటలు కలుపుతాను.

షుగరు ఉన్నవాళ్ళకి ఆ పెట్టెలో అన్నిటికంటే నచ్చేది నాకు గుమ్మడి గింజలు. ఒలిచిన పప్పు 28 గ్రాముల్లో 8 గ్రాముల పైన ప్రొటీన్, 150 మిల్లీగ్రాముల పైన మెగ్నీషియం ఉంటాయి. రోజుకి కావలసిన మెగ్నీషియంలో మూడో వంతు దాటేస్తుంది. పుచ్చపప్పు కూడా ప్రొటీన్‌లో దానికి దగ్గరే. పొద్దుతిరుగుడు గింజల్లో విటమిన్ ఇ ఎక్కువ. మకడమియా అనే గుండ్రటి పప్పు పెడతారేమో చూడండి, వియత్నాం మధ్య ఎత్తు ప్రాంతాల్లో ఇప్పుడు పండిస్తున్నారు. రుచి గొప్పగా ఉంటుంది, కొవ్వు మంచిదే, కానీ అదే 28 గ్రాములకి 200 కేలరీలు. అయిదారు చాలు.

తామర గింజలు అనగానే మనవాళ్ళు మఖానా అనుకుంటారు. కాదు. మఖానా బీహార్‌లో ఎక్కువగా పండే ముళ్ళ కలువ గింజ, పేలాలు చేసి అమ్ముతారు. వియత్నాం పెట్టెలో ఉండేది అసలు తామర గింజ. ఎండు గింజలో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే, కొవ్వు దాదాపు లేదు. కాబట్టి పంచదార లేకపోయినా షుగరు ఉన్నవాళ్ళు దీన్ని బాదం పిస్తాల లెక్కలో వెయ్యకూడదు, అన్నం లెక్కలో వెయ్యాలి. ఓ పది గింజలు తింటే సాయంత్రం చపాతీ ఒకటి తగ్గించండి. కరకరలాడే ప్యాకెట్ రకం కొన్ని నూనెలో వేయించినవే, అట్ట మీద చూసుకోండి.

బీపీకి ఉప్పే శత్రువు. పెద్దవాళ్ళకి రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉప్పు గింజలు చప్పరించి ఒలిస్తే తొక్క మీది ఉప్పంతా నోట్లోకే. అలాగే, అత్తగారికి కిడ్నీ ఇబ్బంది ఏమైనా ఉంటే గింజల్లోని పొటాషియం, ఫాస్ఫరస్ గురించి డాక్టరుని అడక్కుండా ఏదీ మొదలుపెట్టవద్దు.

శాన్ హోసే నాన్న:

మాకు ఇక్కడ వియత్నాం కుటుంబాలు చాలా ఎక్కువ, పిల్లల స్నేహితుల ఇళ్ళకి టెట్‌కి వెళ్తుంటాం. అక్కా, మీ బాబు గురించి ఎవరూ చెప్పలేదని రాస్తున్నాను. మూడేళ్ళవాడికి గింజలు, పప్పులు వేటినీ అలాగే ఇవ్వకండి. అయిదేళ్ళు వచ్చేదాకా గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంటుంది, అందులోనూ పరిగెడుతూ నవ్వుతూ తినే వయసు. పుచ్చగింజ తొక్కయితే ఊపిరి గొట్టంలోకి పోతే ఇంకా కష్టం. టీపాయ్ పిల్లవాడి ఎత్తులోనే ఉంటుంది కాబట్టి మీలో ఒకరి కన్ను వాడి మీదే ఉండాలి. వాడికి అరటిపండో మెత్తటిది ఇంకేదో సంచిలో వేసుకెళ్ళండి. వేరుశనగ ముందెప్పుడూ తినకపోతే, మొదటిసారి రుచి చూపించేది ఎదురింట్లో పండగపూట కాకుండా చూసుకోండి.

రోడమైన్ బి గురించి ఒక మాట. 2024లో తమిళనాడు, తర్వాత కర్ణాటక రంగు పీచుమిఠాయిని నిషేధించింది అందులో ఈ రంగు దొరికిందనే. అంటే మన ఊళ్ళలో తిరునాళ్ళకి కొనే గులాబీ రంగు సరుకుకీ ఇదే జాగ్రత్త.

గోదావరి అమ్మాయి:

అందరికీ ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే. బాబు సంగతి నిజంగా నా బుర్రకి తట్టలేదు. పలాస తమ్ముడూ, రెండు ప్రశ్నలు మిగిలాయి. వాళ్ళు ముందుకు జరిపినప్పుడు అత్తయ్యగారు వద్దంటే తప్పుగా అనుకుంటారా? బహుమతికి ఏం కొనను, ఎక్కడ కొనను? అత్తయ్యగారు సున్నుండలో నువ్వుల ఉండలో చేసి తీసుకెళ్దాం అంటున్నారు.

పలాస కుర్రాడు:

పూర్తిగా వద్దనడం బాగుండదక్కా. సంవత్సరం మొదట్లో ఇచ్చినది తీసుకుంటే ఇచ్చినవాళ్ళకి తృప్తి. నాలుగు జీడిపప్పులు తీసుకుని, పొర నలిపి, ఒక్కొక్కటే టీతో తింటే చాలు. ఎవరూ లెక్కపెట్టరు. గుమ్మడి గింజలు మీరు వేళ్ళతో ఒలిచి ఆవిడ చేతిలో పెట్టండి. ఆ ఇంట్లో ముసలమ్మగారు అది చూస్తే మెచ్చుకుంటారు, ఇక్కడ పెద్దవాళ్ళకి చేసే సేవంటే చాలా గౌరవం. శాకాహారం గురించి దిగులు వద్దు, పండగ మొదటిరోజు మాంసం ముట్టని బౌద్ధ కుటుంబాలు బోలెడు. ఒక్కటి మాత్రం చూసుకోండి. వెల్లుల్లి కారం పట్టించిన వేరుశనగ, జీడిపప్పుల్లో కొన్నిటికి చేపల సాస్ కలుపుతారు. ఫోన్‌లో అనువాదం పెట్టి అట్ట చదివించుకుంటే తెలిసిపోతుంది. ఉత్త ఉప్పుదీ, ఏదీ వెయ్యనిదీ అయితే ఆ గొడవ లేదు.

మూడో రోజు పిలిచారంటే మంచిదే. మొదటిరోజు నాన్నవైపు, రెండోరోజు అమ్మవైపు, మూడోరోజు గురువుల ఇళ్ళకి వెళ్ళడం వాళ్ళ పద్ధతి. మొదటిరోజు పొద్దున్నే మాత్రం పిలవకుండా ఎవరి గడపా తొక్కకండి. ఆ ఇంట్లో తొలి అడుగు పెట్టిన మనిషిని బట్టే ఏడాది అదృష్టం ఉంటుందని నమ్ముతారు, ఎవరు రావాలో ముందే అనుకుని పెట్టుకుంటారు. నేల మీద గింజ తొక్కలు పడి ఉన్నా శుభ్రం చెయ్యబోకండి. పండగ రోజుల్లో ఊడిస్తే ఇంట్లోకి వచ్చిన అదృష్టం బయటికి పోతుందంటారు.

బహుమతికి నువ్వుల ఉండలు చెయ్యమనండి, తప్పకుండా! నువ్వులు, పల్లీలు, బెల్లం వీళ్ళకి కొత్త కాదు. హ్వేలో నువ్వుల మిఠాయి, హా తిన్‌లో రెండు అప్పడాల మధ్య పల్లీలు, బెల్లం పాకం, అల్లం వేసి చేసే మిఠాయి ప్రసిద్ధం. మనది తింటే వెంటనే కలిసిపోతారు. బెల్లం తగ్గించి, చిన్నవి చెయ్యమనండి. దానితోపాటు అరకిలో తొక్క జీడిపప్పు డబ్బా చాలు. ఎర్ర కాగితం చుట్టండి. తెలుపూ నలుపూ వద్దు, వాళ్ళకి అవి చావు ఇంటి రంగులు.

కొనడానికి మీ సిటీలోనే చో లోన్ అనే పేటలో ఉన్న బిన్ తాయ్ మార్కెట్‌కి వెళ్ళండి, ఎండు సరుకంతా అక్కడ టోకున దొరుకుతుంది. వంటింటి దేవుళ్ళని సాగనంపే రోజు ఫిబ్రవరి 10. ఆ తర్వాత అక్కడ అడుగు పెట్టలేరు, ధరలూ పెరుగుతాయి. కొనేముందు ఒక పప్పు విరిచి చూడండి. టక్కున విరిగితే తాజాది. వంగితే చెమ్మ పట్టినట్టు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత నూనె వాసన వస్తే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. పల్లీల్లో నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి ఒక్కటి కనిపించినా ఆ సంచి వదిలెయ్యండి, బూజు విషం వేయించినా పూర్తిగా పోదు.

టెట్ మొదటి రోజుల్లో దుకాణాలు చాలావరకు మూసేస్తారు. 14వ తేదీలోపు కొని, గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఇచ్చే రోజు పొద్దున్న బయటికి తీసి, చల్లదనం పూర్తిగా పోయాకే మూత తెరవండి, లేకపోతే చెమ్మ పట్టేస్తుంది.