అప్‌డేట్: మా వెయిట్‌లిఫ్టింగ్ క్లబ్‌లో ఆడపిల్లలు ఎందుకు మానేస్తున్నారో తేలింది

నెల్లిమర్ల వైపు మా ఊరి క్లబ్‌లో ఆడపిల్లలు చేరినట్టే చేరి మానేస్తున్నారు, ఏం చెయ్యాలని సంక్రాంతి ముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ముందు బార్ (బరువులు తగిలించి ఎత్తే ఇనప కడ్డీ) చూడండి" అన్నవారి మాటే నిజమైంది. విజయనగరం నుంచి ఒక కోచ్ మేడం వచ్చారు. బార్ మీద నీలం గీత చూడగానే "ఇది మగవాళ్లది కదా" అన్నారు. అది 20 కిలోలు, 28 మిల్లీమీటర్ల మందం. ఆడవాళ్లది పసుపు గీతతో 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్లేగా అనుకోకండి. హుక్ గ్రిప్‌లో బొటనవేలిని మిగతా వేళ్లతో బిగించి పట్టాలి. చిన్న చేతులకి ఆ లావు మీద వేళ్లు అందవు. పట్టు జారితే పిల్లలు తమకే బలం చాలదనుకుని ఇంటికెళ్లిపోయేవారు. పక్కనే వెయిట్‌లిఫ్టర్లకి పేరుపడ్డ కొండవెలగాడ ఉంది, ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లోనే సిడ్నీ ఒలింపిక్స్ నుంచి వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చింది, అయినా మా క్లబ్‌లో ఆడవాళ్ల బార్ ఒక్కటీ లేదు! చందాలు వేసుకుని కొన్నాం.

రెండోది టైము. సాయంత్రం బరువులెత్తే ప్లాట్‌ఫాం అంతా అబ్బాయిలదే, వీళ్ల వంతు వచ్చేసరికి చీకటి పడేది. ఇప్పుడు మొదటి గంట ఆడపిల్లలదని కమిటీ బోర్డు మీద రాసింది. కొందరు గొణిగారు. గొణగనీ.

కొందరు అనుకున్నట్టు డ్రెస్సు, ఇంట్లో ఒప్పుకోకపోవడం కారణాలు కానే కావు. "మేమెప్పుడు వద్దన్నాం?" అని అమ్మలే ఎదురడిగారు. మానేసినవాళ్లలో చాలామంది తిరిగొచ్చారు. బట్టలు మార్చుకునే గది మాత్రం ఇంకా లేదు, పంచాయతీకి అర్జీ పెట్టాం.